దూలగొండి గింజ, నికెల్ పొడి, ఒక మందుబిళ్ళ: ఉత్ప్రేరక హైడ్రోజనీకరణం కథ



1980ల తొలినాళ్ళలో నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నప్పుడు, పదవీ విరమణకు దగ్గరపడిన ఒక బడిపంతులుగారు నా వద్దకు వచ్చారు. చేయి వణుకుతున్నదని ఆయన ఫిర్యాదు కాదు. నల్లబల్ల మీద వ్రాసే అక్షరాలు పంక్తి మొదట్లో పెద్దవిగా ఉండి, చివరకు వచ్చేసరికి ఆవగింజలంత అయిపోతున్నాయనీ, వెనుక బల్లల మీది పిల్లలు చదవలేక నవ్వుకుంటున్నారనీ ఆయన బాధ. ముఖంలో కదలిక తగ్గింది. చొక్కా గుండీలు భార్య పెట్టవలసి వస్తున్నది. పార్కిన్సన్ వ్యాధి, అనగా మన పెద్దలు కంపవాతమని వ్యవహరించిన జబ్బు, అని గుర్తించడానికి పెద్ద పరీక్షలేవీ అవసరం కాలేదు. జిల్లా ఆసుపత్రిలోని నిపుణుల సలహాతో లీవోడోపా బిళ్ళలు మొదలుపెట్టాము. కొన్ని వారాల తరువాత ఆయన తన చేత్తోనే ఒక కాగితం మీద పేరు, ఊరు, తేదీ వ్రాసి తెచ్చి నా బల్ల మీద పెట్టారు. మొదటి అక్షరమూ చివరి అక్షరమూ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉన్నాయి.

ఆ బిళ్ళలోని మందు ఎలా తయారవుతుందో ఆనాడు నాకు తెలియదు. వైద్య కళాశాలలో మాకు మందు మోతాదు చెప్పారు, దుష్ఫలితాలు చెప్పారు. అది ఏ పాత్రలో, ఏ లోహం సాయంతో, ఎవరి శ్రమతో పుట్టిందో చెప్పలేదు. విశ్రాంత జీవితంలో చదువుకున్న ఆ చరిత్రను ఈ వ్యాసంలో మీతో పంచుకుంటున్నాను. దాని పేరు ఉత్ప్రేరక హైడ్రోజనీకరణం. పేరు కఠినమే గాని, విషయం మన వంటింటిలోను, మందుల పెట్టెలోను నిత్యం ఉన్నదే.

పెళ్ళిళ్ళ పేరయ్య వంటి లోహం

హైడ్రోజన్ అన్ని మూలకాలలోకి తేలికైనది. ఒక పదార్థపు అణువులో రెండు కర్బన పరమాణువుల నడుమ జంట బంధం ఉంటే, అక్కడ హైడ్రోజన్‌ను చేర్చి ఏక బంధంగా మార్చవచ్చు. దీనినే హైడ్రోజనీకరణం అంటారు. కాని రెండింటినీ ఒక పాత్రలో ఊరికే కలిపి ఉంచితే సాధారణంగా ఏమీ జరగదు. హైడ్రోజన్ అణువులోని రెండు పరమాణువులూ ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని ఉంటాయి. నికెల్, ప్లాటినం, పల్లాడియం వంటి లోహాల ఉపరితలం మీద ఆ పట్టు సడలుతుంది. విడివడిన హైడ్రోజన్ పక్కనే వచ్చి వాలిన అణువుతో కలుస్తుంది. కలిపిన లోహం మాత్రం తాను ఖర్చు కాకుండా తరువాతి జంట కోసం సిద్ధంగా ఉంటుంది. మన పెళ్ళిళ్ళ పేరయ్య ఇరుపక్షాలనూ కలిపి, తాంబూలం పుచ్చుకొని, మరుసటి సంబంధానికి వెళ్ళిపోయినట్టే. ఇటువంటి పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటారు.

ప్లాటినం సమక్షంలో హైడ్రోజన్ గాలిలో దానంతటదే మండుతుందని జర్మనీకి చెందిన డోబరైనర్ 1823లోనే చూపాడు. స్వీడన్ రసాయనవేత్త బెర్జీలియస్ 1835లో ఈ తరహా చర్యలకు ‘కెటాలిసిస్’ అనే పేరు పెట్టాడు. కాని ప్లాటినం ఖరీదైన లోహం. ఈ విద్యను సామాన్య లోహానికి దింపినవాడు ఫ్రాన్స్‌లోని తులూజ్ నగర ఆచార్యుడు పాల్ సబాటియే. ఆయన 1897లో తన సహచరుడు సాందరాన్‌తో కలిసి, మెత్తని నికెల్ పొడి మీదుగా ఇథిలీన్, హైడ్రోజన్ వాయువులను పంపి ఈథేన్‌ను రాబట్టాడు. తరువాత బెంజీన్ వంటి అనేక పదార్థాలకు ఆ పద్ధతిని విస్తరించాడు. 1912లో రసాయన శాస్త్రపు నోబెల్ బహుమతిని గ్రిన్యార్‌తో కలిసి అందుకున్నాడు.

మొదటి గమ్యం వంటిల్లు

ఈ విద్య పెద్ద ఎత్తున ముందు చేరినది ఔషధశాలకు కాదు, నూనె మిల్లుకు. జర్మన్ రసాయనవేత్త విల్‌హెల్మ్ నోర్మన్ ద్రవరూపంలోని నూనెను నికెల్, హైడ్రోజన్‌లతో గట్టి కొవ్వుగా మార్చే పద్ధతికి 1902లో పేటెంటు కోరాడు. అమెరికాలో 1911లో క్రిస్కో, మన దేశంలో 1937లో డాల్డా ఆ మార్గంలో వచ్చినవే. నా బాల్యంలో పసుపుపచ్చని డాల్డా డబ్బా లేని ఇల్లు అరుదు. నూనె అయిపోయిన తరువాత అదే తులసి కుండీ.

నూనెలోని జంట బంధాలన్నింటినీ నింపకుండా సగంలో ఆపితే, మిగిలిన బంధాలలో కొన్ని తమ సహజమైన వంపును పోగొట్టుకొని తిన్నగా మారతాయి. అవే ట్రాన్స్ కొవ్వులు. ఇవి చెడ్డ కొలెస్టరాల్‌ను పెంచి, మంచి కొలెస్టరాల్‌ను తగ్గించి, గుండె రక్తనాళాలకు చేటు తెస్తాయని 1990ల పరిశోధనలు తేటతెల్లం చేశాయి. మన దేశంలో నూనెలు, కొవ్వులలో ట్రాన్స్ కొవ్వు 2022 జనవరి నుండి నూటికి 2 పాళ్ళు మించరాదని నియమం. రుచి కోసం, నిలవ కోసం జరిపిన ఒక రసాయన మార్పు ఎనభై ఏళ్ళ తరువాత గుండె జబ్బుల లెక్కలోకి వచ్చింది. అణువులో చిన్న మార్పు శరీరంలో చిన్నదిగానే ఉంటుందని అనుకోరాదన్నది ఈ చరిత్రలో మొదటి పాఠం.

మందుల తయారీలోకి

మందులు, విటమిన్లు, పరిమళ ద్రవ్యాల వంటి, తక్కువ పరిమాణంలో ఎక్కువ శుద్ధితో చేసే పదార్థాలను సూక్ష్మ రసాయనాలు అంటారు. వాటి తయారీకి కావలసినది మొరటు బలం కాదు, విచక్షణ. అణువులో నాలుగు చోట్ల హైడ్రోజన్ చేరే వీలుంటే, కోరిన ఒక్కచోటనే చేరాలి. అమెరికాలో రోజర్ ఆడమ్స్ 1920లలో ప్లాటినం ఆక్సైడ్ ఉత్ప్రేరకాన్ని ప్రయోగశాలలకు అందించాడు. అదే దశకంలో మరే రేనీ అనే ఇంజనీరు నికెల్, అల్యూమినియం మిశ్రమలోహంలోని అల్యూమినియంను క్షారంతో కరిగించి, స్పంజి వంటి నికెల్‌ను తయారుచేశాడు. సన్నని రంధ్రాల వలన దాని ఉపరితలం ఎంతో విశాలమవుతుంది. నేటికీ మందుల కర్మాగారాలలో రేనీ నికెల్ అన్న మాట వినబడుతూనే ఉంటుంది.

విచక్షణకు మంచి ఉదాహరణ విటమిన్ ఎ. బాసెల్ నగరంలోని హాఫ్‌మన్ లా రోష్ సంస్థలో ఒట్టో ఇస్లర్ బృందం 1947లో దీనిని కృత్రిమంగా తయారుచేసింది. ఆ మార్గంలో ఒకచోట త్రిబంధాన్ని జంట బంధంగా మార్చి అక్కడే ఆగాలి. ఆపకపోతే హైడ్రోజన్ ఇంకా ముందుకు పోయి పదార్థాన్ని పాడుచేస్తుంది. అదే సంస్థకు చెందిన హెర్బర్ట్ లిండ్లార్ 1952లో ఒక చిత్రమైన ఉపాయం ప్రకటించాడు. పల్లాడియం చురుకుదనాన్ని సీసంతో కొంత మందగింపజేశాడు. పొగరుబోతు గిత్తకు ముకుతాడు వేసినట్టు, ఆ ఉత్ప్రేరకం ఒక్క అడుగు వేసి నిలిచిపోయింది.

విటమిన్ ఎ మన తెలుగునేలకు దూరమైన కథ కాదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఆధారంగా, పసిపిల్లలకు ఆరునెలలకొకసారి 2 లక్షల యూనిట్ల విటమిన్ ఎ ఇచ్చే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది. రేచీకటితో మొదలై, నల్లగుడ్డు మెత్తబడి కరిగిపోయి, శాశ్వతంగా చూపు పోయిన పసివాళ్ళను నా ఉద్యోగం తొలి సంవత్సరాలలో చూశాను. విరమణ నాటికి అటువంటి కేసు నాకు కనబడటం దాదాపు ఆగిపోయింది. ఆ ఫలితం వెనుక టీకాలున్నాయి, మెరుగైన తిండి ఉన్నది, చెంచాడు నారింజరంగు ద్రవమూ ఉన్నది. అంత విటమిన్‌ను చౌకగా తయారుచేయగలగడం వలననే అది ప్రతి పల్లెకూ చేరగలిగింది.

రెండు హైడ్రోజన్లు, పోయిన వినికిడి

ప్రతి మార్పూ మేలు చేయలేదు. వైద్యునిగా ఈ భాగాన్ని దాటవేయలేను. 1943లో రట్గర్స్‌లో వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నాడు. క్షయకు అదే తొలి సమర్థమైన మందు. కాని లోపలి చెవిలోని సమతుల్య యంత్రాంగాన్ని అది దెబ్బతీసేది. రోగులు తూలిపోయేవారు. 1946లో అమెరికా రసాయనవేత్తలు స్ట్రెప్టోమైసిన్ అణువులోని ఆల్డిహైడ్ భాగానికి ఉత్ప్రేరకం సాయంతో రెండు హైడ్రోజన్ పరమాణువులు చేర్చి, డైహైడ్రోస్ట్రెప్టోమైసిన్‌ను తయారుచేశారు. క్షయ క్రిమి మీద దాని బలం తగ్గలేదు. తూలుడు తక్కువగా కనిపించింది. వైద్యలోకం సంతోషించింది.

ఆ సంతోషం నిలవలేదు. కొత్త మందు సమతుల్యాన్ని కొంత కాపాడినట్టే కాపాడి, వినికిడిని హరించింది. కొందరిలో మందు ఆపిన తరువాత కూడా చెవుడు వచ్చింది, వచ్చినది తిరిగి పోలేదు. క్రమంగా మానవ వైద్యం నుండి దానిని తొలగించారు. తూలుడును రోగి కంటితో, గోడ ఆసరాతో కొంత సర్దుకోగలడు. పోయిన వినికిడికి అటువంటి సర్దుబాటు లేదు.

ఇక్కడ రసాయనవేత్తల పనిలో లోపం లేదు. హైడ్రోజన్ వారు కోరిన చోటనే చేరింది, పదార్థం శుద్ధిగానే వచ్చింది. లోపం మనం చూసిన కాలపరిమితిలో ఉన్నది. వెంటనే కనిపించే హానిని కొలిచాము, ఆలస్యంగా వచ్చే హాని కోసం ఆగలేదు. ‘కొత్త మందు వచ్చింది, పాతదానికంటే సుఖమట’ అని రోగులు నాతో అన్నప్పుడల్లా నాకు ఈ కథ గుర్తుకు వచ్చేది.

దూలగొండి గింజలోని రహస్యం

ఇక పంతులుగారి బిళ్ళ వద్దకు వద్దాము. లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో వణుకుడు పక్షవాతం మీద వ్యాసం ప్రచురించాడు. కారణం తెలియడానికి నూట నలభై ఏళ్ళు పట్టింది. 1957లో స్వీడన్‌కు చెందిన ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రిసర్పిన్ ఇచ్చాడు. ఇది మన సర్పగంధ వేరు నుండి లభించే మందే. కుందేళ్ళు చెవులు వ్రేలాడేసి, కదలక పడిపోయాయి. డోపా ఇంజెక్షన్ ఇవ్వగానే మళ్ళీ లేచాయి. 1960లో వియన్నాలో హోర్నికీవిచ్, పార్కిన్సన్ వ్యాధితో మరణించినవారి మెదడులో డోపమైన్ తీవ్రంగా తగ్గి ఉన్నదని చూపాడు. డోపమైన్‌ను నేరుగా ఇస్తే మెదడులోకి చేరదు, దాని ముందు రూపమైన డోపా చేరుతుంది.

ఈ డోపా మనకు కొత్తది కాదు. 1913లో గూగన్‌హైమ్ దీనిని ఒక రకం చిక్కుడు గింజల నుండి వేరుచేశాడు. 1937లో దామోదరన్, రామస్వామి అనే భారతీయ శాస్త్రజ్ఞులు దూలగొండి గింజల నుండి రాబట్టారు. కాయ మీది నూగు తగిలితే ఒళ్ళంతా దురదపెట్టే ఆ దూలగొండే, మన పల్లె పిల్లల పాత శత్రువు.

అయితే డోపాకు రెండు రూపాలున్నాయి. కుడి చేయి, ఎడమ చేయి వలె అవి ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు. ఎడమ కాలి చెప్పు కుడి కాలికి సరిపడనట్టే, ఒక రూపానికి తగిన శరీర యంత్రాంగానికి రెండవది తగదు. మొక్క చేసేది ఎల్-రూపం ఒక్కటే. ప్రయోగశాలలో మామూలు పద్ధతిలో చేస్తే రెండూ సగంసగం వస్తాయి. చదునైన లోహపు ఉపరితలానికి కుడి ఎడమల భేదం తెలియదు. 1967లో న్యూయార్క్‌లో జార్జ్ కోట్జియాస్ రెండు రూపాలూ కలిసిన డోపాను పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడు రోగులలో అద్భుతమైన మార్పు కనిపించింది, కాని కొందరిలో తెల్ల రక్తకణాలు తగ్గాయి. ఆ తరువాత ఎల్-రూపాన్ని మాత్రమే వాడసాగారు. అవసరం లేని సగాన్ని వేరుచేయాలంటే శ్రమ, ఖర్చు.

ఈ చిక్కును విప్పినవాడు అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో మోన్‌శాంటో కంపెనీ రసాయనవేత్త విలియం నోల్స్. 1960లలో బ్రిటన్‌కు చెందిన జెఫ్రీ విల్కిన్‌సన్ ద్రవంలో కరిగిపోయే రోడియం ఉత్ప్రేరకాన్ని ప్రకటించాడు. దాని చుట్టూ ఉన్న ఫాస్ఫరస్ భాగాలకు చేతివాటం ఉంటే, హైడ్రోజన్ కూడా ఒక వైపు నుండే చేరుతుంది కదా అని నోల్స్ ఆలోచించాడు. 1968లో ప్రకటించిన తొలి ప్రయత్నంలో నూటికి సుమారు 57, 43 పాళ్ళుగా మాత్రమే తేడా వచ్చింది. మందుకు అది చాలదు. కాని సూత్రం నిజమని తేలింది. ఫాస్ఫరస్ భాగాలను మార్చిమార్చి చూసి, చివరకు డైపాంప్ అనే దానితో నూటికి 97కు పైగా కోరిన రూపమే వచ్చేలా చేశారు. మూల పదార్థం వనిలిన్, అనగా ఐస్‌క్రీములో వెనిలా వాసననిచ్చేదే. దాని నుండి జంట బంధం గల అణువును చేసి, రోడియం సమక్షంలో హైడ్రోజన్‌ను చేర్చి, ఆపై కొన్ని మెట్లతో ఎల్-డోపాను పొందారు. చేతివాటంతో కూడిన హైడ్రోజనీకరణం పారిశ్రామిక స్థాయికి చేరడం అదే మొదలు.

నోల్స్ 1986లో ఉద్యోగ విరమణ చేశాడు. 2001లో, 84వ ఏట, ఆయనకూ జపాన్‌కు చెందిన రియోజి నొయోరికీ కలిపి నోబెల్ బహుమతిలో సగభాగం లభించింది. మిగిలిన సగం షార్‌ప్లెస్‌కు. నొయోరి రుథీనియం ఉత్ప్రేరకాలతో ఇదే విద్యను మరెన్నో అణువులకు విస్తరించాడు. మనం విరివిగా వాడే లీవోఫ్లాక్ససిన్‌కు కావలసిన ఒక ముడిపదార్థం ఆ మార్గంలో తయారైనదే. మధుమేహపు మందు సిటాగ్లిప్టిన్‌ను కూడా మెర్క్ సంస్థ మొదట రోడియంతో కూడిన హైడ్రోజనీకరణంతోనే చేసింది. తరువాత ఆ మెట్టును ఎంజైముకు అప్పగించింది. లోహం చేసిన పనిని ప్రకృతి పనిముట్టు తిరిగి అందుకున్నదన్నమాట.

కర్మాగారంలోని మనిషి

మన హైదరాబాదుకు మందుల నగరమన్న పేరు రావడానికి 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ సంస్థ పునాది. అక్కడ పనినేర్చిన వారు తరువాత సొంత సంస్థలు స్థాపించారు. అటువంటి కర్మాగారాలలో హైడ్రోజనేటర్ అనే ఒత్తిడి పాత్ర సర్వసాధారణం. పాత పద్ధతిలో నైట్రో పదార్థాలను ఇనుప రజను, ఆమ్లంతో క్షయకరించేవారు. టన్నులకొద్దీ ఇనుప బురద మిగిలేది. ఉత్ప్రేరకంతో చేస్తే మిగిలేది ముఖ్యంగా నీరే. పారాసిటమాల్‌కు మూలమైన పారా అమినోఫినాల్ తయారీలోనూ ఈ మార్పే వచ్చింది. ఊరి చెరువుకు అది మేలు.

కాని పనిచేసే మనిషి సంగతి కూడా తలచుకోవాలి. హైడ్రోజన్‌కు రంగు లేదు, వాసన లేదు. గాలితో కలిసినప్పుడు చిన్న నిప్పురవ్వకే ప్రేలుతుంది. వాడిన రేనీ నికెల్, పల్లాడియం పొడులు ఆరిపోతే గాలి తగిలి అంటుకుంటాయి. అందుకే వాటిని తడిగా ఉంచుతారు, పాత్రను తెరిచే ముందు నత్రజనితో కడుగుతారు. ఈ జాగ్రత్తలు వదిలితే కాలిన గాయాలతో మా వద్దకు వచ్చేవాడు ఎవరో ఒక ఇంటి పెద్దకొడుకు. ఇక మందులో లోహపు అవశేషం విషయానికి వస్తే, అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం నోటి మందు ద్వారా రోజుకు పల్లాడియం 100 మైక్రోగ్రాములు మించరాదు. వడపోత, పరీక్ష ఖచ్చితంగా చేసిన మందు విషయంలో రోగి భయపడవలసిన పని లేదు.

రోగులకు, వారి ఇంటివారికి

ఈ చరిత్ర చదివిన తరువాత కొన్ని మాటలు గుర్తుంచుకోగలరు.

‘హైడ్రోజనీకరించిన’ అన్న మాట ఆహారపు పొట్లం మీద కనిపిస్తే జాగ్రత్తపడండి. మందు తయారీలో అదే మాట వింటే బెదరవద్దు. ప్రక్రియ ఒకటే, ఫలితాలు వేరు.

లీవోడోపాను సాధారణంగా భోజనానికి అరగంట ముందు గాని, గంట తరువాత గాని తీసుకుంటే బాగా పనిచేస్తుంది. పప్పు, గుడ్డు, పాలు, మాంసంలోని మాంసకృత్తులు ప్రేగులలో దానితో పోటీపడతాయి. అందుకని మాంసకృత్తులు మానివేయవద్దు, వేళలు సర్దుకోండి. ఇనుము బిళ్ళలకూ దీనికీ ఎడం ఉంచండి. వికారం ఉన్నవారు వేళల గురించి వైద్యునితో మాట్లాడండి.

బిళ్ళలు అయిపోయాయనో, బాగున్నదనో ఒక్కసారిగా ఆపవద్దు. తీవ్రమైన బిగుసుకుపోవడం, జ్వరం వచ్చి ప్రాణం మీదకు రావచ్చు.

దూలగొండి పొడిలో ఉన్నది అదే మందు. ఎంత ఉన్నదో ప్రతి పొట్లానికీ మారుతుంది. వైద్యునికి చెప్పకుండా బిళ్ళతో పాటు దానిని కలిపి వాడితే రక్తపోటు పడిపోవడం, అదుపులేని కదలికలు, భ్రమలు కలగవచ్చు.

లీవోడోపా ఈ వ్యాధిని నయం చేయదు, కదలికను తిరిగి ఇస్తుంది. కొన్నేళ్ళ తరువాత దాని ప్రభావం హెచ్చుతగ్గులవుతుంది. మోతాదులు సర్దవలసి వస్తుంది. మా పంతులుగారికీ అలాగే జరిగింది. అయినా ఆయన పదవీ విరమణ రోజు వరకు నల్లబల్ల మీద తన చేత్తోనే పాఠం వ్రాశారు. ఇంట్లో పెద్దవారి చేతివ్రాత చిన్నదవుతున్నదనిపిస్తే వయసు మీద నెట్టివేయక, ఒకసారి వైద్యునికి చూపించండి.